ఇంటివద్ద ఇంక్యుబేటరుతో కోడిగ్రుడ్లను పొదిగించుట

(వ్యవసాయాధికారి, బి.యస్సి., అగ్రికల్చర్)

మన పల్లెలలో పెరటి కోళ్లు చిన్న రైతు ఇంటికి చేతి ఖర్చు సమకూర్చు ఆస్తి. కాని నాటు పెట్ట విడతకు 12 నుండి 15 గ్రుడ్లు పెట్టి పొదుగుటకు కూర్చుండును. 21 దినములు పొదిగి, పిమ్మట సుమారు రెండు మాసములు పిల్లల వెంట తిరుగును. ఈ కాలమంతయు అది గ్రుడ్డు పెట్టదు. అందుచేతనే నాటు పెట్ట సంవత్సరమునకు 50, 60 గ్రుడ్లకు మించి పెట్టుట అరుదు. పొదుగు పనిని పెట్టకు తప్పించి మనము చేసికొన్నచో, అది త్వరలోనే మరల గ్రుడ్లకు వచ్చును.

ఇందుకై 50, 100 గ్రుడ్లు పట్టు చిన్న ఇంక్యుబేటరులు బజారులో దొరకుచున్నవి. పలువురు వీటిని కొని, మొదటి విడతలో నాలుగైదు పిల్లలు మాత్రమే వచ్చుటచే యంత్రము మంచిది కాదని అటక నెక్కించుచున్నారు. తప్పు యంత్రముదా, గ్రుడ్లదా, మనదా యని తెలిసికొను మార్గము కలదు. అది పొదగని గ్రుడ్లను పారవేయక, పగులగొట్టి చూచుట. ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

నా అనుభవము

నేను ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరమున ఒక గ్రామములో 60 గ్రుడ్ల యంత్రమును ప్రదర్శనకు పెట్టితిని. ఎనిమిది ఇండ్ల స్త్రీలు తమ గ్రుడ్లను తెచ్చి ఇచ్చిరి. మూడు వారములు గడచిన పిమ్మట వచ్చినవి 14 పిల్లలు. అమ్ముకొన్నచో ఉప్పుపప్పులకు అక్కరకు వచ్చెడి గ్రుడ్లను నా మాట నమ్మి ఇచ్చినవారికి ముఖము చూపలేకపోతిని.

అప్పుడు ఒక ముసలమ్మ, "మా పెట్ట ఆఖరి మూడు రోజులూ మేతకైనా గంప దిగదు బాబూ! మీరు వచ్చినవాళ్లందరికీ మూత తీసి చూపిస్తిరి" అన్నది. ఆ మాటకు బదులు చెప్పలేక, మిగిలిన 46 గ్రుడ్లను ఆమె ఎదుటనే పగులగొట్టి చూచితిని. 17 గ్రుడ్లలో పిండమే కట్టలేదు. 9 గ్రుడ్లలో పిండము మొదటి వారములోనే చనిపోయినది. 20 గ్రుడ్లలో నూగుతో సహా పూర్తిగా ఎదిగిన పిల్ల పెంకులోనే చచ్చియున్నది. మొదటి 17 గ్రుడ్లు యంత్రములో పెట్టకముందే పనికిరానివి. చివరి 20 పిల్లలు మూత తీసి చూపిన నా చేతిలో పోయినవి. యంత్రము చక్కగానే పనిచేసినది.

గ్రుడ్ల ఎన్నిక

పుంజుతో కలిసిన పెట్ట గ్రుడ్లు మాత్రమే పిల్లలగును. అంగడిలో దొరకు ఫారము గ్రుడ్లు పుంజులు లేని కోళ్లవి. వాటిని ఎంత పొదిగించినను పిల్ల రాదు. 8 నుండి 10 పెట్టలకు ఒక చురుకైన పుంజు ఉండవలెను. క్రొత్త పుంజును విడిచిన తరువాత రెండు వారములు ఆగి గ్రుడ్లను సేకరించుట మంచిది.

మరియొక సంగతి. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంచాలకాలయమువారు రూపొందించిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు సంకరజాతివి. వాటి గ్రుడ్లను పొదిగించినచో పిల్లలు వచ్చును గాని, తల్లిదండ్రుల గుణములు అన్నింటికిని సమముగా రావు. కావున ఆ జాతులు కావలసినవారు ఒకదినపు పిల్లలనే కొనవలెను. ఇంటి యంత్రము అసీలు వంటి స్వచ్ఛమైన నాటు జాతుల గ్రుడ్లకు తగినది.

గ్రుడ్డు మధ్యరకపు పరిమాణములో, ఒక కొన వెడల్పుగను, ఒక కొన సన్నముగను ఉండవలెను. మరీ పెద్దవి, మరీ చిన్నవి, బీటలున్నవి, పెంకు పలుచనివి, పెంట అంటినవి తీసివేయవలెను. మురికి గ్రుడ్లను కడిగి పెట్టుదమని తలచరాదు. పెంకుపై సహజముగా నుండు పొర కడిగిన పోవును. సూక్ష్మజీవులు రంధ్రముల ద్వారా లోపలికి చేరును. గ్రుడ్లు పెట్టు గంపలో ఎండుగడ్డిని తరచు మార్చుచుండినచో మురికి సమస్యయే ఉండదు.

గ్రుడ్లను నిలువ చేయుట

నిలువ గ్రుడ్లకు 13 నుండి 18 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనము కావలెను. ఏడు దినములకు మించి నిలువ చేయరాదు. ఆపైన ప్రతి దినమునకు పొదుగు శాతము తగ్గుచుండును. మన ఇండ్లలో అంత చల్లదనము దొరకదు గనుక, తడి ఇసుకలో కుదిపి పెట్టిన క్రొత్త మట్టికుండలో గ్రుడ్లను వెడల్పు కొన పైకి ఉండునట్లు ఉంచి, నీడలో పెట్టి, పలుచని గుడ్డ కప్పవలెను. ఎండాకాలమున మూడు నాలుగు దినములకంటె ఆగరాదు. గది వేడికి పిండము కొద్దిగా కదలి, పెరుగుటకు చాలినంత వేడి లేక చచ్చును. నా ప్రదర్శనలో మొదటి వారములో చచ్చిన 9 గ్రుడ్లలో ఎక్కువ భాగము రేకుల ఇంటిలో నిలువయున్నవియే.

దూరమునుండి తెచ్చిన గ్రుడ్లను వెంటనే యంత్రములో పెట్టక, వెడల్పు కొన పైకి ఉంచి ఒక దినము కదలనీయరాదు.

వేడిమి

ఈజిప్టు దేశమున ప్రాచీన కాలమునుండి ఆవముల వంటి మట్టి కట్టడములలో వేలకొలది గ్రుడ్లను పొదిగించెడివారు. పనివారు గ్రుడ్డును కనురెప్పకు ఆనించి వేడిమిని గుర్తించెడివారు. మనకు థర్మామీటరు కలదు. కాని దానిని నమ్ముటకు ముందు పరీక్షింపవలెను. యంత్రపు సెన్సారును సన్నని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, జ్వరము చూచు థర్మామీటరుతో కలిపి గోరువెచ్చని నీటిలో ప్రక్కప్రక్కనే ఉంచి రెండును ఒకటే చూపునా యని సరిచూడవలెను. ఒక్క డిగ్రీ తేడాతో విడత అంతయు చెడును.

ఫ్యాను ఉన్న యంత్రములో 99.5 నుండి 100 డిగ్రీల ఫారన్‌హీటు (37.5 నుండి 37.8 సెంటీగ్రేడు) ఉండవలెను. ఫ్యాను లేని పెట్టెలో వేడి గాలి పైకి చేరును గనుక, గ్రుడ్ల పైభాగపు మట్టములో 101 నుండి 102 డిగ్రీలు (38.3 నుండి 38.9) చూపవలెను. థర్మామీటరును పెట్టె గోడకు తగిలించి చూచినచో తప్పు లెక్క వచ్చును.

గ్రుడ్లు పెట్టుటకు ఒక దినము ముందుగనే యంత్రమును నడిపి, వేడిమి నిలకడగా ఉన్నదని తేలిన పిమ్మటనే గ్రుడ్లను పెట్టవలెను. పెట్టిన తరువాత కొన్ని గంటలు వేడిమి తగ్గి కనబడుట సహజము. అది చూచి మరను త్రిప్పరాదు.

యంత్రము చలికి వేడి నీయగలదు గాని, ఎండకు చల్లదనము నీయలేదు. గదిలో 104 డిగ్రీల వేడి ఉన్నప్పుడు బల్బు ఆరిపోయినను పెట్టెలో 104 డిగ్రీలే ఉండును. గ్రుడ్లకు తగ్గు వేడికంటె హెచ్చు వేడియే ఎక్కువ హాని. కావున మన జిల్లాలలో ఆశ్వయుజము మొదలు ఫాల్గుణము వరకు పొదిగించుట శ్రేష్ఠము. ఏప్రిలు, మే మాసములలో విరమించుట మేలు. ఎప్పుడైనను యంత్రమును రేకుల క్రిందగాని, కిటికీ ఎండలోగాని, పొయ్యి దగ్గరగాని పెట్టరాదు.

తేమ, గాలి

మొదటి 18 దినములు తేమ 50 నుండి 55 శాతము, చివరి మూడు దినములు 65 నుండి 70 శాతము ఉండవలెను. తేమ పెంచవలెనన్న నీళ్ల లోతును పెంచిన లాభము లేదు. నీటి వైశాల్యమును పెంచవలెను, అనగా వెడల్పయిన పళ్లెము పెట్టవలెను. పోయునది గోరువెచ్చని నీరై యుండవలెను. అనంతపురము వంటి పొడి ప్రాంతమున రెండు పళ్లెములు కావలసిరావచ్చును. కోనసీమలో వర్షాకాలమున సగము పళ్లెమే చాలవచ్చును. కావున పొరుగు జిల్లావారి లెక్కను అనుసరింపక, గ్రుడ్ల తూకమును చూచి తేమను సరిచేసికొనవలెను.

గ్రుడ్డు లోపలి నీరు పెంకు రంధ్రములగుండా కొద్దికొద్దిగా ఆవిరి కావలెను. 18వ దినమునకు తూకములో 12 శాతము వరకు తగ్గుట సరియైన గుర్తు. 40 గ్రాముల గ్రుడ్లు పది పెట్టినచో మొదటి తూకము 400 గ్రాములు. అది 7వ దినమునకు సుమారు 381, 14వ దినమునకు 363, 18వ దినమునకు 352 గ్రాములు కావలెను. ఇంతకంటె ఎక్కువ తగ్గినచో తేమ చాలలేదు. తక్కువ తగ్గినచో తేమ ఎక్కువైనది. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు ఇందుకు చాలును.

పెంకులోని పిల్లకు గాలి కూడ కావలెను. మొదట యంత్రపు గాలి రంధ్రములను కొద్దిగా తెరచి, పిల్ల పెరిగిన కొలది ఎక్కువ చేసి, 18వ దినమునకు పూర్తిగా తెరవవలెను. తేమ పోవునని రంధ్రములకు గుడ్డలు క్రుక్కినచో పిల్లలు ఊపిరాడక చచ్చును.

గ్రుడ్లను త్రిప్పుట

పెట్ట తన ముక్కుతో గ్రుడ్లను దినమునకు అనేకమార్లు త్రిప్పును. త్రిప్పనిచో పిండము పెంకు పొరకు అంటుకొని చచ్చును. గ్రుడ్డుకు ఒకవైపు గీటు, రెండవవైపు సున్న పెన్సిలుతో వ్రాసి, ఉదయము 6 గంటలకు, మధ్యాహ్నము 2 గంటలకు, రాత్రి 10 గంటలకు త్రిప్పవలెను. మూడు లేక అయిదు మార్లు, అనగా బేసి సంఖ్యలో త్రిప్పినచో రాత్రి దీర్ఘకాలము ఒకేవైపు ఉండుట తప్పును. ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు త్రిప్పవలెను. చేతులు సబ్బుతో కడుగుకొని ముట్టవలెను. తానై త్రిప్పు యంత్రమైనను, నిజముగా తిరుగుచున్నదా లేదా యని దినమున కొకసారి చూడవలెను. 18వ దినమునుండి త్రిప్పుట మానవలెను.

దీపపు పరీక్ష

ఏడవ దినము రాత్రి చీకటి గదిలో, అట్టగొట్టము తొడిగిన టార్చిలైటుపై గ్రుడ్డు వెడల్పు కొనను ఆనించి చూడవలెను. సాలెగూడు వంటి ఎర్రని నరములు, నడుమ నల్లని చుక్క కనబడినచో పిండము బ్రతికియున్నది. ఏమియు లేక వెలుగు తేటగా కనబడినచో అది ఫలించని గ్రుడ్డు. ఎర్రని ఉంగరము వంటి గీత మాత్రము కనబడినచో పిండము పెరిగి చనిపోయినది. ఈ రెండు రకములను తీసివేయవలెను, వంటకు వాడరాదు. చచ్చిన గ్రుడ్డు మురిగి పగిలినచో ప్రక్కనున్న మంచి గ్రుడ్లు కూడ చెడును. 14వ దినమున మరియొకసారి పరీక్షించుట మంచిది.

కరెంటు పోయినప్పుడు

కరెంటు పోయినదని మూత తీసి చూడరాదు. యంత్రముపై దుప్పటిగాని, గోనెసంచులుగాని కప్పి, గాలి రంధ్రములను మాత్రము మూయకుండ విడువవలెను. ఎక్కువ సేపు రానిచో వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి గ్రుడ్లకు తగులకుండ లోపల ఉంచవచ్చును. కొద్ది గంటల చలికి పిండములు సాధారణముగా చావవు, పొదుగుట ఆలస్యమగును. కావున కరెంటు పోయినంతనే గ్రుడ్లను పారవేయరాదు. నాలుగైదు దినముల తరువాత దీపపు పరీక్ష చేసి నిర్ణయింపవలెను. తరచు కరెంటు పోవు గ్రామములలో ఇన్వర్టరు లేకుండ యంత్రము కొనుట తొందరపాటు.

నీటి పళ్లెము, కరెంటు తీగెలు ఒకేచోట ఉండును గనుక, ఎర్తు ఉన్న ప్లగ్గులోనే తగిలించి, నీళ్లు పోయునప్పుడు స్విచ్చి ఆపవలెను.

చివరి మూడు దినములు

గురువారము సాయంత్రము పెట్టిన గ్రుడ్లు మూడవ గురువారమునకు పొదుగును. పెట్టిన మరునాటి సాయంత్రమునకు ఒక దినమని లెక్క. 18వ దినమున త్రిప్పుట ఆపి, నీళ్లు నిండుగా పోసి, మూత వేయవలెను. ఆ తరువాత తెరువరాదు.

20వ దినమున పిల్ల తన ముక్కుతో గాలిగది పొరను చీల్చి ఊపిరి పీల్చును. పిమ్మట పెంకుకు చిల్లుపెట్టి కొంతసేపు ఊరకుండును. చిల్లు పడినప్పటినుండి వెలుపలికి వచ్చుటకు 12 నుండి 24 గంటలు పట్టవచ్చును. ఈ వ్యవధిలో పచ్చసొన కడుపులోనికి పోవుచుండును, పొరలోని రక్తము పిల్లకు చేరుచుండును. పిల్ల అలసినదని జాలిపడి పెంకు ఒలిచినచో రక్తము కారి చచ్చును. మూత తీసినచో తేమ పోయి, పొర ఆరి తోలువలె పిల్లను బిగించును.

పుట్టిన పిల్లలు ఆరి నూగు విచ్చుకొనువరకు లోపలనే ఉండవచ్చును. లోపలికి పోయిన పచ్చసొన వాటికి రెండు దినములు చాలు ఆహారము. ఆకలితో చచ్చునని తొందరపడ నవసరము లేదు.

పొదగని గ్రుడ్లు చెప్పు సంగతులు

1. తేటగా ఉన్న గ్రుడ్డు: పుంజు చాలలేదు, లేక ముసలిది, లేక గ్రుడ్డు చాల దినములు నిలువయున్నది.

2. రక్తపు ఉంగరము: నిలువలో వేడి, ప్రయాణపు కుదుపు, లేక మొదటి దినములలో వేడిమి హెచ్చుతగ్గులు.

3. నడుమ చచ్చిన పిండము: సరిగా త్రిప్పలేదు, గాలి చాలలేదు, లేక తల్లికోడి మేతలో ఆకుకూర, మాంసకృత్తులు, గవ్వపొడి లోపించినవి.

4. పిల్ల పూర్తిగా పెరిగి, ఉబ్బి, నీరుకారుచున్నచో: తేమ ఎక్కువైనది.

5. చిల్లుపెట్టి పొరకు అంటుకొని చచ్చినచో: చివరలో తేమ పోయినది, మూత తెరచినారు.

6. పిల్లలు 20వ దినమునకు ముందే వచ్చినచో వేడిమి హెచ్చు. 22వ దినము దాటినచో తక్కువ.

ఈ గ్రుడ్లను చూచిన తరువాత లోతుగా పూడ్చివేసి, యంత్రమును కడిగి ఎండబెట్టవలెను. పుస్తకములో అయిదు గడులు గీచి, పెట్టిన గ్రుడ్లు, తేట గ్రుడ్లు, మొదటి వారమున చచ్చినవి, తరువాత చచ్చినవి, వచ్చిన పిల్లలు అని ప్రతి విడతకు వ్రాయవలెను. ఏ గడిలో అంకె పెద్దదో అక్కడనే మన తప్పు ఉన్నది.

పిల్లల సంరక్షణ

మొదటి వారము 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి యిచ్చి, వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గించవలెను. పిల్లకు 2 వాట్ల చొప్పున, 50 పిల్లలకు 100 వాట్ల బల్బు చాలును. పిల్లలు బల్బు క్రింద గుమిగూడినచో చలి, దూరముగా పోయినచో వేడి ఎక్కువ, అంతట పరుచుకొన్నచో సరిపోయినది. ముందు నీరు, తరువాత పిల్లల దాణా పెట్టవలెను. 5 నుండి 7 దినముల వయస్సున కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్క వేయించవలెను. ఇతర టీకాలను గురించి సమీప పశువైద్యాధికారిని సంప్రదింపవలెను.

నాలుగైదు పెట్టలే ఉన్న ఇంటికి ప్రత్యేకముగా యంత్రము అక్కరలేదు; పొదుగు పెట్ట 10, 12 గ్రుడ్లను చక్కగా పొదుగును. పదిమంది కలిసి ఒక యంత్రము తెచ్చి, ఓపికగల ఒకరికి అప్పగించి, గ్రుడ్లపై ఇంటి గుర్తు వ్రాసికొనుట మేలు. గ్రామాధికారులు ఇట్టి సంఘములకు లెక్కల పుస్తకము నడుపుటలో తోడ్పడవచ్చును. అదే దినమున పిల్లలు చేసిన పెట్ట ఉన్నచో, యంత్రపు పిల్లలను రాత్రివేళ దాని రెక్కల క్రింద చేర్చినచో తనవిగానే పెంచును.

మరుసటి సంవత్సరము అదే గ్రామములో, అదే స్త్రీలవద్ద మరల 60 గ్రుడ్లు అడిగి తీసికొంటిని. పుంజులేని ఇండ్ల గ్రుడ్లను ముందే వద్దంటిని. నాలుగు దినములకు మించిన గ్రుడ్లు పెట్టలేదు. 18వ దినమునుండి ఆ ముసలమ్మయే చాప వేసికొని యంత్రము ప్రక్కన కూర్చుండి, నన్నుకూడ మూత ముట్టనీయలేదు. తేటవి 5, మొదటి వారమున చచ్చినవి 3, తరువాత చచ్చినవి 5 పోగా, 47 పిల్లలు వచ్చినవి. యంత్రము పాతదే.